రెండేళ్ళకి ఎన్ని రోజులు

కోపమా? మా పెద్దపిల్ల నామీద ఎప్పుడైనా కోపగించుకుందా అని అడుగుతున్నారా? ఇదేం ప్రశ్నండీ కమలకుమారి గారూ. ఎవరైనా పిల్ల అల్లరి చేస్తోందా అని అడుగుతారు. ఎందుకు చేయడం లేదని అడిగేవాళ్ళని మిమ్మల్నే చూస్తున్నా.

మీకు ముందు వచ్చినావిడ ఇలా కాదు. మే నెలలో మీ దత్తత ఏజెన్సీ నుంచే రిపోర్టు రాయడానికి వచ్చారు, ఈ కుర్చీలోనే కూర్చున్నారు, నేను తయారుచేసిన ఎక్సెల్ షీట్ చూసి "వావ్" అన్నారు. పద్నాలుగు పేజీలండీ అది. పిల్లల్ని దత్తత తెచ్చుకున్న తండ్రి ఇంత పద్ధతిగా రికార్డు పెట్టడం తన సర్వీసులో చూడలేదన్నారు. ఆ మాట నేను ఎంతమందికి చెప్పుకున్నానో దానికి మాత్రం రికార్డు లేదు.

పైగా ఆవిడకి తెలుగు రాదు, మా పెద్దపిల్ల రత్నానికి ఇంగ్లీషు రాదు. మధ్యలో నేనే. ఆవిడ అడిగింది రత్నానికి చెప్పడం, రత్నం "ఆయ్, బాగుందండి" అంటే దాన్ని ఇంగ్లీషులో మూడు వాక్యాలు చేసి అప్పజెప్పడం. సేఫ్‌గా ఫీలవుతోంది, కొత్త వాతావరణానికి అలవాటు పడుతోంది, తల్లిదండ్రులంటే నమ్మకం కుదిరింది. పిల్ల అన్నది రెండు ముక్కలు. మిగతాది నా సొంత కవిత్వం.

ఇప్పుడేమో రిచ్‌మండ్ హిల్ నుంచి తెలుగు తెలిసిన మిమ్మల్ని వెతికి మరీ పంపారు. మంచిదేలెండి. కాఫీ చల్లారిపోతోంది, తాగండి.

అడిగారు కాబట్టి చూపిస్తా. ఇదిగోండి షీట్. ఫిబ్రవరి మూడున టొరంటోలో దిగాం. ఇవాళ ఆగస్టు పది. నూట ఎనభై తొమ్మిది రోజులు. ఈ కాలమ్ సుబ్బరాజుది.

అవునండీ, మూడేళ్ళవాడి పేరే సుబ్బరాజు. మేం పెట్టింది కాదు, వాడితో పాటు వచ్చింది. డేకేర్‌లో "సబ్" అంటారు, వాడు పలకడు. వాడి కాలమ్‌లో పేచీలు అరవై ఒకటి. కొరకడాలు తొమ్మిది, అందులో ఏడు నన్నే. స్నో బూటు టాయ్‌లెట్లో వేసి ఫ్లష్ నొక్కడం ఒకటి.

ఈ పక్క కాలమ్ రత్నంది. ఎనిమిదేళ్ళు. పైనుంచి కిందదాకా చూడండి. సున్నా, సున్నా, సున్నా. పేజీ తిప్పండి, అదే.

సున్నా అంటే ఫుల్ మార్కులనుకున్నానండీ. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కదా.

ఎందుకు నవ్వుతున్నారు? సరే, మొదట్నుంచీ చెప్తా.

నేను పదకొండేళ్ళ కింద ఈ దేశం వచ్చినప్పుడు టొరంటోలో సీటు వదులుకుని విన్నిపెగ్‌లో చేరాను. అక్కడ చదివినవాళ్ళకి శాశ్వతంగా ఉండిపోయే పీఆర్ తొందరగా వస్తుందని ఏలూరులో కూర్చునే లెక్క వేశా. మైనస్ ముప్ఫై అయిదులో బస్సు కోసం నిలబడి కనురెప్పలు అతుక్కుపోతున్నప్పుడు కూడా లెక్క కరెక్టేననుకున్నా. అన్నట్టే పీఆర్ వచ్చింది, వచ్చిన నెలకే టొరంటో పక్కన ఈ ఏజాక్స్‌కి మారిపోయా. మనవాళ్ళు చేసేదే కదండీ. పొడుగు క్యూ పక్కన పొట్టి క్యూ ఎక్కడుందో కనిపెట్టడం, అందులో దూరడం.

పెళ్ళయ్యాక సాత్వికకి మూడుసార్లు నిలవలేదు. ఆ విషయం మీ ఫైల్లో ఉండే ఉంటుంది. దత్తత మాట ముందు ఎత్తింది తనే. తను మాట ఎత్తితే నేను క్యాలిక్యులేటర్ ఎత్తా. ఫారంలో మొదట ఏం పెట్టాం? ఒక్కరు, రెండేళ్ళలోపు. అందరూ పెట్టేదే. ఆ క్యూ ఏళ్ళకేళ్ళు కదలదు. ఓరోజు ఆఫీసులో లంచ్ చేస్తూ చదివా, తోబుట్టువులు ఇద్దరూ కలిసి ఒకే ఇంటికి వెళ్ళాల్సిన ఫైళ్ళుంటాయని, వాటిని అడిగేవాళ్ళు తక్కువని, అవి తొందరగా తెములుతాయని.

నాకు అందులో విన్నిపెగ్ కనిపించిందండీ.

పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చి చెప్పా. "ఇద్దరికి అప్లై చేస్తే ఒక్కరికంటే ముందొస్తారు సాత్వీ." తను కూర తరుగుతున్న కత్తి పక్కన పెట్టి నా మొహం చూసింది. "కిరీటీ, పిల్లల్ని కూడా షార్ట్‌కట్‌లో తెస్తావా" అంది. కానీ ఒప్పుకుంది. తన కారణం వేరు. అక్కాతమ్ముళ్ళని విడదీయకుండా పెంచేవాళ్ళు ఉండాలి కదా అంది. నేను వెంటనే, నా కారణం కూడా అదేనన్నా.

తర్వాత ఇల్లూ మనుషుల్నీ చూసి వెళ్ళే ఆ హోం స్టడీ. ఇంట్లో ఉండే పెద్దవాళ్ళందరికీ పోలీస్ క్లియరెన్స్ కావాలన్నారు. పైన మేమిద్దరం, బేస్‌మెంట్లో అద్దెకి అయిదుగురు స్టూడెంట్లు. రెండేళ్ళుగా ఈ వీధిలో ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా అయిదుగురికి తక్కువ లేరు కదండీ. వాళ్ళందరి చేతా కాగితాలు తెప్పించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఇంటర్వ్యూ రోజు అయిదుగురూ ఇస్త్రీ బట్టలేసుకుని మెట్లమీద వరసగా నిలబడ్డారు. వచ్చినావిడ లెక్కపెట్టుకుని, వీళ్ళని కూడా మీరే పెంచుకుంటున్నారా అని అడిగింది. వాళ్ళలో స్వీటీ అని కరీంనగర్ అమ్మాయి, ఉత్సాహం ఆపుకోలేక "అన్న మస్తు మంచోడు మేడం" అని తెలుగులోనే సర్టిఫికెట్ ఇచ్చేసింది.

జనవరిలో వెళ్ళాం. కాకినాడ దగ్గర శిశుగృహం. సూపరింటెండెంట్ భ్రమరాంబ గారని, పెద్దావిడ. ఆవిడ వరండాలో కుర్చీలు వేయించి ఇద్దర్నీ తీసుకొచ్చి నిలబెట్టారు.

సుబ్బరాజు తిన్నగా వచ్చి నా ఒళ్ళోకెక్కి కళ్ళజోడు లాగి విసిరేశాడు. రత్నం పరిగెత్తి దాన్ని తీసుకుని, గౌను అంచుతో తుడిచి, రెండు చేతులతో అందించింది. "ఆడు సిన్నోడండి, తెలీదండి" అంది. నేను గర్వంగా సాత్విక వైపు చూశా. ఏదో ఆ మర్యాద నేనే నేర్పించినట్టు.

విమానంలో సుబ్బరాజు పద్నాలుగు గంటలు ఏడ్చాడు. ముందు సీటాయన మధ్యలో హెడ్‌ఫోన్స్ తీసి, నేనేమైనా సాయం చేయనా అని బతిమాలాడు. రత్నం బాత్రూంకి కూడా అడగలేదండీ. నీళ్ళు కావాలా అంటే వద్దండి, చలేస్తోందా అంటే లేదండి. పెదాలు వణుకుతున్నాయి, లేదండి. నేనది కూడా షీట్‌లో రాసుకున్నా. మంచి వైపు.

పియర్సన్ ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ హాలు కిటకిటలాడుతోంది. అంతా స్టూడెంట్లే, ప్రతివాడి గుండెకీ ఓ ప్లాస్టిక్ ఫైలు. రత్నం వాళ్ళని చూసింది, నన్ను చూసింది. "మా కాయితాలు నేను పట్టుకుంటానండి" అంది. ఇచ్చా. తనదీ తమ్ముడిదీ రెండు పాస్‌పోర్టులూ ఛాతీకి ఆనించుకుని లైనంతసేపూ అలా నిలబడింది. నేను ఫోటో తీసి, మా ఇంటర్నేషనల్ స్టూడెంట్ వచ్చిందోచ్ అని ఫేస్‌బుక్‌లో పెట్టా. నూట పన్నెండు లైకులు.

ఇంటికొచ్చాక చూడాలి మీరు. ఆరింటికి లేస్తుంది. పక్కలు సర్దుతుంది. తిన్న ప్లేటు కడుగుతుంది, తమ్ముడిది కడుగుతుంది, నాది లాక్కుంటుంది. ఫ్రిజ్ తలుపు ముట్టుకునే ముందు "తియ్యొచ్చాండి" అంటుంది. పెట్టింది తింటుంది, ఇంకొంచెం కావాలా అంటే "సాలండి." వంకాయ ఇష్టమేనా అంటే ఇష్టమేనండి, కాకరకాయ అంటే ఇష్టమేనండి. కాకరకాయ ఇష్టమన్నప్పుడైనా నాకు అనుమానం రావద్దూ?

రాలేదు. ఫ్రెండ్సందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పుకున్నా. కన్నపిల్లలు మీకెవరికైనా ఇలా వింటున్నారా అని. పెంపకంలో కిటుకు ఉండాలని కూడా అన్నా. వచ్చి పది వారాలైంది అప్పటికి.

ఇక లెక్కల పుస్తకం సంగతి. ఇది చెప్పకుండా ఉండాలనే మొదలుపెట్టానండీ, మీరు కోపం ప్రశ్న అడక్కుండా ఉంటే చెప్పేవాణ్ణి కాదు.

జులై ఇరవైన రత్నం పుస్తకం తిరగేశా. వెనక పేజీల్లో అంకెలు. ఏడువందల ముప్ఫై, దాని కింద ఏడువందల ఇరవై తొమ్మిది, అలా ఒక్కోటి తగ్గుకుంటూ అయిదువందల అరవై రెండు దాకా. రోజుకో రంగు పెన్సిల్. "ఏంటి తల్లీ ఇవి" అన్నా. "రెండేళ్ళకి రోజులండి" అంది. మనం వచ్చిన రోజు నుంచి రోజుకొకటి తీసేస్తున్నానండి అంది.

నా ఆనందం చూడాలి మీరు. ఎనిమిదేళ్ళ పిల్ల, ఎవరూ చెప్పకుండా తీసివేతలు. అచ్చం నా పోలికే అనుకున్నా, మనిషికి సిగ్గుండాలి. ఎందుకు లెక్కపెడుతున్నావని అడగలేదు. లెక్క సరిపోయిందా లేదా అని చూశా.

సరిపోలేదండీ. ఈ ఏడు లీపు సంవత్సరం కదా. ఫిబ్రవరి ఇరవై తొమ్మిది మధ్యలో వచ్చింది. "తల్లీ, ఏడువందల ముప్ఫై కాదు, ముప్ఫై ఒకటి. నీకు ఇంకో రోజు ఎక్కువ" అని చెప్పా. నవ్వుతూ చెప్పా, తల నిమిరి చెప్పా. పిల్ల మొహం పాలిపోయింది. నేను తప్పు దొరికినందుకు చిన్నబోయిందనుకున్నా. "ఆయ్, అలాగేనండి" అంది. మర్నాటికి మొత్తం రబ్బరుతో చెరిపి, ఏడువందల ముప్ఫై ఒకటి నుంచి మళ్ళీ రాసింది. కాగితం రెండుచోట్ల చిరిగింది. చిరిగినచోట టేపు అంటించింది. నేను "గుడ్ గర్ల్" అని స్టార్ పెట్టా.

ఉండండి, నీళ్ళు తాగి చెప్తా.

మొన్న గురువారం స్వీటీకి వర్క్ పర్మిట్ వచ్చింది. స్వీట్ బాక్సుతో పైకొచ్చింది, గంతులేస్తోంది. రత్నం లడ్డూ తీసుకోకుండా స్వీటీని అడిగింది, "అక్కా, నీది అయిపోయిందా? నాకింకా అయిదువందల నలభై నాలుగున్నాయక్కా" అని.

స్వీటీ నవ్వింది ముందు. తర్వాత రత్నాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని నెమ్మదిగా విషయం లాగింది. నేను ఇక్కడే స్టవ్ దగ్గర నిలబడి వింటున్నా.

శిశుగృహం నుంచి బయల్దేరే రోజు భ్రమరాంబ గారు చెప్పారట. రెండేళ్ళపాటు మీ ఇద్దరిమీదా రిపోర్టులొస్తాయి, మాట రాకుండా మంచిగా ఉండాలి అని. ఆవిడ మామూలుగా చెప్పి ఉంటారు, పెద్దవాళ్ళు చెప్పినట్టు. ఈ పిల్ల ఇక్కడికొచ్చాక కింద వీళ్ళ మాటలు వింది. పర్మిట్ వచ్చేదాకా ఎవరితోనూ గొడవ పడొద్దు, మేనేజరు ఏమన్నా నోరెత్తొద్దు, ఒక్క కంప్లైంట్ పడితే ఇంటికి పంపేస్తారు. దాని బుర్రలో రెండూ కలిశాయి. స్వీటీని అడిగి రెండేళ్ళకి ఎన్ని రోజులో తెలుసుకుంది. పుస్తకం తెరిచింది.

స్వీటీ కళ్ళు తుడుచుకుని నావైపు తిరిగింది. "అన్నా, ఈ పిల్ల మా లెక్కనే ఉన్నదన్నా మీ ఇంట్ల" అంది.

నాకు అప్పుడు తట్టిందండీ ఈ పిల్లని ఎక్కడ చూశానో. నాలుగేళ్ళు వర్క్ పర్మిట్ మీద ఉన్నా నేను. మేనేజరు జోకు వేస్తే అర్థం కాకముందే నవ్వేవాణ్ణి. ఆదివారం రమ్మంటే ష్యూర్, మంచు తొయ్యమంటే ష్యూర్. చెయ్యి విరిగినప్పుడు కూడా అంతా బాగానే ఉందన్నా. వాళ్ళు నాకు ఎంప్లాయీ ఆఫ్ ది మంత్ ఇచ్చారు. నేను ఈ పిల్లకి స్టార్లు ఇస్తున్నా.

ఊరుకున్నానా? ఊరుకుంటే నేనెందుకవుతా. ఆ సాయంత్రమే కూర్చోబెట్టి కోర్టు ఆర్డరు చూపించా. సిటిజన్‌షిప్ కాగితం చూపించా. ఎవరూ పంపలేరు తల్లీ, ప్రధానమంత్రి వచ్చినా పంపలేడని చెప్పా. శ్రద్ధగా చూసింది. "తమ్ముడిది కూడా ఇలాటి కాయితమేనాండి" అంది. ఇలాంటిదేనన్నా. రెండూ పక్కపక్కన పెట్టి ముద్రలు పోల్చుకుంది. "ఆయ్. సరేనండి" అంది.

నిన్న పొద్దున పుస్తకం తీసి చూశా. అయిదువందల నలభై మూడు. ఇవాళ మీరొస్తున్నారని తెలిసి అయిదింటికే లేచి ఈ హాలంతా తుడిచింది. మీరు కూర్చున్న ఆ సోఫా కవర్ కూడా తనే మార్చింది. మీ పెన్ను చూస్తేనే దానికి చెమటలు పడతాయి. మీ తప్పు కాదులెండి. మీరు రాకపోతే చట్టం ఒప్పుకోదు, వస్తే దాని లెక్క నిజమవుతుంది.

లేదండీ. భ్రమరాంబ గారి మాటకే ఇంత అయిందనుకోవద్దు. పాపం ఆవిడమీద పెట్టేసి నేను చల్లగా కాఫీ తాగుతున్నా ఇప్పటిదాకా.

సాత్విక సుబ్బరాజుని స్విమ్మింగ్‌కి తీసుకెళ్ళింది. రావడానికి ఇంకా నలభై నిమిషాలుంది. ఈ మాట తనకి కూడా చెప్పలేదు.

మేం వెళ్ళిన రెండోరోజు. సాత్విక మెడికల్ రిపోర్టుల కోసం టౌన్లోకి వెళ్ళింది. నేనూ భ్రమరాంబ గారూ ఆఫీసు గదిలో ఉన్నాం. నాకు రాత్రంతా నిద్ర లేదు. చిన్నవాడికి మూడేళ్ళు, వాడికి ఏదీ గుర్తుండదు, ఏడాదిలో నన్నే నాన్న అనుకుంటాడు. పెద్దదానికి అన్నీ గుర్తుంటాయి. వాళ్ళమ్మ గుర్తుంటుంది, ఆ ఊరు గుర్తుంటుంది. నన్ను చూసే చూపు ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన ఆఫీసరుని చూసినట్టుంది. నాకు భయమేసిందండీ. ఎనిమిదేళ్ళ పిల్లంటే భయం.

అడిగేశా. "ఏమనుకోకండి మేడం, ఊరికే ప్రొసీజర్ తెలుసుకుందామని. చిన్నబ్బాయిని ఒక్కణ్ణే తీసుకునే వీలుందా?"

ప్రొసీజర్ అన్నా. ఆ మాట అడ్డం పెట్టుకుని ఏదైనా అడగొచ్చు కదా మనం.

ఆవిడ కళ్ళజోడు మీంచి చూసి, "ఇద్దరిదీ ఒకటే ఫైలండి" అన్నారు. అంతే. సరే మేడం, సరే మేడం అన్నా. తిరిగి చూస్తే గుమ్మంలో రత్నం. తమ్ముడి నిక్కరు ఉతికి ఆరేయడానికి తీసుకెళ్తోంది. చేతిలోంచి నీళ్ళు కారుతున్నాయి గచ్చుమీద. గుమ్మానికీ నా కుర్చీకీ ఆరడుగులు. వినలేదేమో అనుకున్నా. ఆర్నెల్లుగా అదే అనుకుంటున్నా. ఆరడుగుల్లో వినపడకపోవడానికి ఎంత అవకాశం ఉందో నాలాంటివాడు లెక్క వేయలేడా? వేయలేదు. జీవితంలో నేను వేయని లెక్క అదొక్కటే.

మర్నాడు ఆ పిల్ల నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా. "అక్కడ మీ ఇంట్లో పనులేం ఉంటాయండి? నాకు అన్నీ వచ్చండి."

నేను సాత్వికతో, పిల్ల ఎంత చొరవగా ఉందో చూశావా అన్నా.

అదండీ. రాసుకోండి. నాలా ఇంగ్లీషులో సొంత కవిత్వం కలపక్కర్లేదు, ఉన్నదున్నట్టు రాయండి. ఆ కాగితంలో అలవాటు పడటం అన్న గడి ఉంది కదా, పిల్ల కిందే ఉంది, తండ్రి కింద లేదు. పక్కన గీత గీసి తండ్రికి కూడా ఒకటి రాయండి. క్షమాపణ చెప్పమంటారా? చెప్దామనే నిన్న గది గుమ్మందాకా వెళ్ళా. "పరవాలేదండి" అంటుంది. నేను నోరు తెరవకముందే అనేస్తుంది. ఆ మాట వినడానికి ధైర్యం లేక తిరిగొచ్చేశా.

సుబ్బరాజుని అన్నానికి పిలవాలంటే పదకొండుసార్లు పిలవాలండీ. లెక్కపెట్టా. పదకొండోసారి కూడా సోఫా వెనక దాక్కుని, "నేను రాను, పో" అంటాడు. వాడికి తెలుసు అది వాడిల్లని.

రత్నంతో మాట్లాడతారా? పిలుస్తా, పైన గదిలో ఉంది. ఒక్కసారే పిలుస్తానండీ. మెట్లమీద అడుగుల చప్పుడు అప్పుడే వినపడుతుంది, చూడండి. రెండోసారి పిలిచే భాగ్యం నాకింకా రాలేదు.